మీట నొక్కే భాగ్యం అందరికీ పంచిన మనిషి: జార్జ్ ఈస్ట్‌మన్

మనలో చాలామంది ఇళ్లలో ఏ అలమర అడుగునో ఒక పాత బూట్ల పెట్టె ఉంటుంది. అందులో బూట్లుండవు. ఈ దేశం వచ్చిన మొదటి వేసవుల్లో తీసుకున్న ఫోటోలుంటాయి. నయాగరా ముందు పట్టుచీర మీద స్వెట్టరు వేసుకుని నిలబడ్డ ఇల్లాలు, ఇంకా అప్పు తీరని కారుకు ఆనుకుని నవ్వుతున్న ఇంటాయన, పార్కులో చెట్టు కింద దుప్పటి పరచుకుని పులిహోర తింటున్న నాలుగు కుటుంబాలు, ఆ పక్కనే ఎవరో ముచ్చటపడి తీసిన ఉడుత. వీటికి రెండేసి కాపీలు తీయించి ఒకటి ఇక్కడ దాచుకుని, రెండోదాని వెనక పేర్లూ తారీఖూ రాసి, కవరులో పెట్టి ఎయిర్‌మెయిల్లో ఊరికి పంపేవాళ్లం. అక్కడ నాన్నగారు కళ్లజోడు తుడుచుకుని చూసి, వీధి వీధంతా చూపించి, చివరకు అద్దం కట్టించి గోడకు తగిలించేవారు. ఎంతోమంది తాతలూ అమ్మమ్మలూ మనుమల్ని చేతుల్లోకి ఎత్తుకోకముందు కళ్లారా చూసుకున్నది ఆ కాగితం ముక్కల్లోనే.

ఆ ఫోటోలు తీసిన మనం ఎవరమూ ఫోటోగ్రాఫర్లం కాము. రసాయనాలు తెలియవు, కటకాల లెక్కలు తెలియవు. ఎండ వీపుకేసి ఉండాలన్న ఒక్క సూత్రం తెలుసు. అయినా నదర్లేకుండా మీట నొక్కాం, ఫోటో వచ్చింది. అంతకు నూరేళ్ల కిందట ఇది ఎవరికీ సాధ్యమయ్యే పని కాదు. దాన్ని సాధ్యం చేసినవాడు బడి చదువు మధ్యలో మానేసి, బ్యాంకులో గుమాస్తాగా కూర్చున్న ఒక బక్కపలచని కుర్రవాడు. ఆయన పేరు జార్జ్ ఈస్ట్‌మన్. కోడక్ అన్న మాట తెలిసినంతగా ఆ మాట పుట్టించిన మనిషి లోకానికి తెలియడు. ఆయన కథ ఈ వేసవి వేడుకల వేళ ఒకసారి తలుచుకోదగ్గది.

తల్లి కష్టం

ఈస్ట్‌మన్ 1854 జులై 12న న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి జార్జ్ వాషింగ్టన్ ఈస్ట్‌మన్ మొక్కల పెంపకం చేస్తూనే రాచెస్టర్ పట్నంలో జమాఖర్చులు నేర్పే ఒక వాణిజ్య పాఠశాల నడిపేవాడు. కుటుంబం రాచెస్టర్‌కు తరలివచ్చిన కొద్దికాలానికే, 1862లో, ఆయన కన్నుమూశాడు. అప్పటికి జార్జ్‌కు ఇంకా ఎనిమిదేళ్లు నిండలేదు. ఇద్దరక్కల్లో చిన్నామె కేటీకి పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి.

తల్లి మరియా కిల్‌బర్న్ కుంగిపోలేదు. ఉన్న ఇంట్లోనే కొందరిని అద్దెకు పెట్టుకుని, వాళ్లకు వండి వార్చి పిల్లల్ని సాకింది. భర్త పోయిన ఇల్లాలు పూటకూళ్లు పెట్టి బిడ్డల్ని పైకి తేవడం మన ఊళ్లలో మనమెరిగిన కథే. తల్లి పడే పాట్లు చూస్తూ పెరిగిన ఆ పిల్లవాడికి ఒకటే పట్టుదల: ఎలాగైనా ఆమె చేత ఆ చాకిరీ మాన్పించాలి. పద్నాలుగో ఏట చదువు మానేసి ఒక బీమా కంపెనీలో వారానికి 3 డాలర్ల జీతానికి కుర్ర నౌకరుగా చేరాడు. రాత్రిళ్లు ఇంట్లోనే లెక్కలు నేర్చుకున్నాడు. 1870లో కేటీ చనిపోయింది. 1874లో రాచెస్టర్ సేవింగ్స్ బ్యాంకులో చిన్న గుమాస్తా పని దొరికింది. వచ్చిన ప్రతి సెంటూ, పోయిన ప్రతి సెంటూ పద్దు పుస్తకంలో రాసుకునే అలవాటు ఆయనకు చిన్ననాడే పట్టుబడింది.

ఎండలో నిలబెట్టిన ఫోటో

1877లో, ఇరవైమూడో ఏట, ఆయనకు సెలవులో శాంటో డొమింగో చూసి రావాలనిపించింది. దారిలో చూసినవన్నీ ఫోటోలు తీసుకోరాదా అని తోటి ఉద్యోగి ఒకరు సలహా చెప్పారు. ఈస్ట్‌మన్ సామగ్రి కొన్నాడు. ఊళ్లోని ఫోటోగ్రాఫరు జార్జ్ మన్రోకు 5 డాలర్లిచ్చి పాఠాలు చెప్పించుకున్నాడు. శాంటో డొమింగో ప్రయాణం సాగలేదు గాని, ఫోటోల పిచ్చి మాత్రం పట్టుకుంది.

ఆనాటి ఫోటో అంటే ఏమిటో నేటి పిల్లలకు చెప్పినా నమ్మరు. దానిని తడిపలక పద్ధతి అనేవారు. గాజుపలక మీద కలోడియన్ అనే జిగురు మందు పూసి, చీకట్లో వెండి ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీసి, వెంటనే మళ్లీ చీకట్లో దాన్ని కడగాలి. ఊరి బయట తీయాలంటే చీకటి గుడారం కూడా మోసుకుపోవాలి. సబ్బుల పెట్టెంత కెమెరా, బరువైన ముక్కాలిపీట, గాజుపలకలు, సీసాలు, తొట్లు, నీళ్ల కూజా అన్నీ కలిపితే ఒక గుర్రం మోసే బరువు.

ఆ వేసవిలోనే ఆయన హ్యూరాన్ సరస్సులోని మాకినాక్ దీవికి వెళ్లాడు. అక్కడ సున్నపురాయి కొండ తనంతట తాను తొలుచుకుపోయి వంతెనలాగా ఏర్పడిన చోటు ఒకటుంది. ఎండ మండిపోతోంది. ఈస్ట్‌మన్ గుడారం వేసి, అందులో చెమటలు కక్కుతూ పలకలు తయారుచేసుకుంటున్నాడు. అంతలో విహారానికి వచ్చిన ఒక బృందం ఆ రాతివంతెన మీదికెక్కి, తలొక భంగిమలో కుదురుకుని ఓపిగ్గా నిలబడింది. పని అయిపోగానే ఒకాయన దిగివచ్చి ఫోటో వెల ఎంత అని అడిగాడు. తాను ఫోటోలు అమ్మేవాణ్ని కాననీ, సరదాకి తీసుకుంటున్నాననీ ఈస్ట్‌మన్ చెప్పాడు. ఆయనకు ఒళ్లు మండింది. అరగంటసేపు తమందరినీ ఎండలో ఎందుకు నిలబెట్టినట్టని, ఔత్సాహికుడైతే ఆ మాట మెళ్లో పలక కట్టుకుని తిరగవలసిందని చీవాట్లు పెట్టి వెళ్లిపోయాడు. ఇంకో ముచ్చట: దారిలో పెట్టెలోని వెండి ద్రావణం సీసా కారి ఈస్ట్‌మన్ లోపలి బట్టలన్నీ మరకలయ్యాయి.

ఈ కథ విని నవ్వుకుని ఊరుకోవచ్చు. కాని, లోకంలో సరదాకి ఫోటో తీసుకునేవాడు ఒకడుంటాడన్న సంగతే ఆనాడు ఎవరి ఊహకూ అందలేదని ఇందులో తెలుస్తోంది. ఫోటో అంటే అమ్మకపు సరుకు, తీసేవాడంటే వృత్తిపనివాడు. ఆ అడ్డుగోడను పడగొట్టడానికే ఈస్ట్‌మన్ తక్కిన జీవితం వెచ్చించాడు.

వంటింట్లో ప్రయోగశాల

ఆరోజుల్లో ఇంగ్లండులో పొడిపలకల మీద ప్రయోగాలు సాగుతున్నాయి. రిచర్డ్ లీచ్ మ్యాడాక్స్ అనే వైద్యుడు 1871లో చూపిన దారిలో, వెండి లవణాన్ని జెలటిన్‌లో కలిపి గాజు మీద పూసి ఆరబెడితే, ఎప్పుడు కావలిస్తే అప్పుడు వాడుకోవచ్చునని తేలింది. ఒక బ్రిటిష్ పత్రికలో ఆ విధానం చదివి ఈస్ట్‌మన్ తల్లి వంటింటినే ప్రయోగశాల చేసుకున్నాడు. పగలంతా బ్యాంకులో చిట్టాలు, రాత్రంతా పొయ్యి మీద మందు కాచడం. కొన్ని రాత్రులు బట్టలు కూడా మార్చకుండా పొయ్యి పక్కనే నేలమీద పడి నిద్రపోయేవాడు.

పలకలకు మందు సమంగా పూసే యంత్రమొకటి తయారుచేసి, 1879లో లండను వెళ్లి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడు అమెరికాలోనూ తీసుకున్నాడు. తల్లి ఇంట్లో అద్దెకున్న హెన్రీ స్ట్రాంగ్ అనే బగ్గీకొరడాల వ్యాపారి పెట్టుబడి పెట్టగా 1881 జనవరి 1న ఈస్ట్‌మన్ డ్రై ప్లేట్ కంపెనీ మొదలైంది. ఆ సెప్టెంబరులో బ్యాంకు ఉద్యోగానికి స్వస్తి చెప్పాడు.

వెంటనే గండం వచ్చింది. 1882లో అమ్మిన పలకలు పనికిరాకుండా పోయాయని వ్యాపారుల నుంచి గగ్గోలు. కొత్త కంపెనీ. చేతిలో డబ్బు అంతంతమాత్రం. అయినా ఈస్ట్‌మన్ పాడైన పలకలన్నీ వెనక్కి తెప్పించుకుని మంచి సరుకు ఇచ్చాడు. ఎన్ని ప్రయోగాలు చేసినా తప్పు ఎక్కడుందో తెలియక ఇంగ్లండుకు పరుగెత్తాడు. దోషం జెలటిన్‌లో ఉందని అక్కడ బయటపడింది. అసలు కారణం నలభై ఏళ్ల తరువాత గాని తేలలేదు. పశువులు ఆవజాతి మొక్కలు మేస్తే వాటి చర్మాల నుంచి తీసిన జెలటిన్‌లో గంధకం అంశ ఉంటుంది, అదే పలకకు కాంతిని పట్టే శక్తి ఇస్తుందని ఆయన ప్రయోగశాలలోని శామ్యూల్ షెప్పర్డ్ 1925లో కనిపెట్టాడు. ఆవాలు మన పోపుకే కాదు, ఫోటోకూ ప్రాణమన్నమాట!

కోడక్ పుట్టుక

గాజు బరువు, పైగా పగులుతుంది. విలియం వాకర్‌తో కలిసి 1884లో ఈస్ట్‌మన్ కాగితం మీద మందు పూసి చుట్టగా చుట్టే పద్ధతి రూపొందించాడు. వృత్తి ఫోటోగ్రాఫర్లు ఫోటో నాణ్యం చాలదని పెదవి విరిచారు. మరొకరైతే అక్కడే ఆగిపోయేవారు. ఈస్ట్‌మన్ ఇంకోవైపు తిరిగి ఆలోచించాడు. వాళ్లు కొద్దిమంది. ఫోటో తీయడం అసలే రానివాళ్లు కోట్లమంది. వాళ్లకోసం ఎందుకు చేయకూడదు?

1888లో కోడక్ కెమెరా వచ్చింది. అర్థంలేని ఆ మాటను ఆయనే తయారుచేశాడు. ఏ భాషవారికైనా తేలిగ్గా నోరు తిరగాలి, మరో మాటతో కలగాపులగం కాకూడదు అని ఆయన షరతు. మొదటా చివరా కకారం ఆయనకు ఇష్టం. తల్లి పుట్టింటి పేరు కిల్‌బర్న్ కూడా ఆ అక్షరంతోనే మొదలవుతుంది. కెమెరా ధర 25 డాలర్లు. లోపల నూరు ఫోటోలకు సరిపడే ఫిల్ము చుట్ట సిద్ధంగా ఉంటుంది. తాడు లాగాలి, మీట నొక్కాలి, చెవి తిప్పాలి. అంతే. నూరూ అయిపోయాక కెమెరానే రాచెస్టర్‌కు పంపితే 10 డాలర్లకు ఫోటోలు కడిగి, అచ్చువేసి, కొత్త చుట్ట ఎక్కించి తిరిగి పంపేవారు. రెండున్నర అంగుళాల అడ్డుకొలతతో గుండ్రంగా బొట్టుబిళ్లల్లా ఉండేవి ఆ ఫోటోలు. కొన్నవాడి పని మీట నొక్కడంతో సరి, మిగిలిన చాకిరీ తమదని కంపెనీ మాట ఇచ్చింది.

మరుసటి ఏడాది ఆయన దగ్గర పనిచేసే హెన్రీ రైకెన్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త పారదర్శకమైన ఫిల్ము తయారుచేశాడు. ఆ ఫిల్ము మీదనే ఎడిసన్ వర్క్‌షాపులో కదిలే బొమ్మల ప్రయోగాలు సాగాయి. మన సినిమాకూ అక్కడే బీజం పడింది.

ఇక్కడ ఒక మచ్చ చెప్పకపోతే న్యాయం కాదు. అటువంటి ఫిల్ముకు హానిబల్ గుడ్విన్ అనే క్రైస్తవ మతాచార్యుడు 1887లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అది మంజూరయ్యేసరికి 1898 వచ్చింది. రెండేళ్లకే ఆయన కాలం చేశాడు. ఆయన హక్కులు కొన్నవారు దావా వేసి గెలవగా 1914లో ఈస్ట్‌మన్ కంపెనీ 50 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. పోటీ కంపెనీలను కొనేసి గుత్తాధిపత్యం నెరపుతున్నదని 1915లో న్యాయస్థానం కూడా ఈస్ట్‌మన్ కంపెనీని తప్పుపట్టింది. గొప్పవాళ్ల కథల్లో ఇలాంటి పుటలు చింపేస్తే మిగిలేది పురాణమే గాని జీవితచరిత్ర కాదు.

వేసవి, సముద్రతీరం, పిల్లలు

చేతికి ఇమిడే కెమెరా రావడంతో ఫోటోల రూపురేఖలే మారిపోయాయి. అంతకుముందు మెడ వెనక కడ్డీ ఆనించి, ఊపిరి బిగబట్టి స్టూడియోలో కూర్చున్నవాళ్లు ఇప్పుడు పడవలో, గడ్డిమీద, ఇసుకలో నవ్వుతూ కనబడసాగారు. ఈస్ట్‌మన్‌కూ విహారమంటే ప్రాణం. సైకిలు మీద యూరపు దేశాలు తిరిగాడు. అడవిలో విడిది చేస్తే తానే రొట్టెలు కాల్చి స్నేహితులకు వడ్డించేవాడు. 1890లో గలియా అనే ఓడ మీద చేత కోడక్ పట్టుకుని నిలబడ్డ ఆయన్ని మిత్రుడు ఫ్రెడ్ చర్చ్ ఇంకో కోడక్‌తో తీశాడు. ఒకరినొకరు ఫోటో తీసుకునే ఆ సరదా ఇంకా మనల్ని వదల్లేదు!

సరదాతోబాటు తగవులూ వచ్చాయి. సముద్రస్నానం చేస్తున్నవాళ్లను అడక్కుండా ఫోటో తీసేవాళ్లు తయారయ్యారు. పత్రికలు వాళ్లను తిట్టిపోశాయి. కొన్నిచోట్ల కెమెరాలను నిషేధించారు. 1890లో శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవాదులు మనిషి ఏకాంతానికి చట్టం రక్షణ ఇవ్వాలని ప్రసిద్ధమైన వ్యాసం రాయడానికి ఈ క్షణచిత్రాల బెడద ఒక కారణం. అడిగి తీయడం మర్యాద అన్న నియమం ఆనాటికెంత అవసరమో ఈనాటికీ అంతే.

కళాకారులకు ఇంకో బాధ. అడ్డమైనవాడూ మీట నొక్కితే ఫోటో కళ ఏమైపోతుందని న్యూయార్క్ కెమెరా క్లబ్బులో పేరుమోసిన ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ వంటివారు విసుక్కునేవారు. కాని ఆ స్టీగ్లిట్జే 1893లో చేతికెమెరా పట్టుకుని ఫిఫ్త్ ఎవెన్యూలో మంచుతుఫానులో గంటల తరబడి నిలబడి తన ప్రఖ్యాత చిత్రం తీశాడు.

1900లో బ్రౌనీ వచ్చింది. ఫ్రాంక్ బ్రౌనెల్ రూపొందించిన ఈ అట్టపెట్టె కెమెరా ధర ఒక్క డాలరు. ఆరు ఫోటోల ఫిల్ము చుట్ట 15 సెంట్లు. పిల్లలను ఉద్దేశించి చేశారు గాని పెద్దలూ ఎగబడి కొన్నారు. మొదటి ఏడాదే లక్షన్నర అమ్ముడయ్యాయి. తీసిన ఫోటో పంచుకోవడానికి కూడా ఈస్ట్‌మన్ కంపెనీ దారులు వేసింది. 1903లో పోస్టుకార్డు కొలత కెమెరా ఒకటి తెచ్చింది. తమ పెరడూ, తమ ఆవూ, తమ పిల్లలూ అచ్చుపడిన కార్డుల మీద నాలుగు ముక్కలు రాసి జనం టపాలో వేసుకునేవారు. 1914లో వచ్చిన మరో రకం కెమెరాకు వెనక చిన్న తలుపు ఉండేది. అది తెరచి ఫోటో పేరూ తారీఖూ ఫిల్ము మీదనే రాసుకోవచ్చు. ఔత్సాహికుల చిత్రాలతో పోటీలూ ప్రదర్శనలూ పెట్టారు. వాళ్లకు మెళకువలు చెప్పే చిన్న పత్రిక కూడా నడిపారు.

ఆ అట్టపెట్టె ఎంత పని చేసిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1916 వేసవిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఒక కుటుంబం యోసెమిటీ లోయకు విహారం వెళ్లింది. పద్నాలుగేళ్ల కొడుకు చేతికి తల్లిదండ్రులు ఒక బ్రౌనీ ఇచ్చారు. వాడు మొద్దు మీదికెక్కి హాఫ్ డోమ్ కొండకేసి గురిపెడుతుండగా మొద్దు విరిగింది. పడుతూ పడుతూ మీట నొక్కాడు. ఫోటో తలకిందులుగా వచ్చింది. ఆ పిల్లవాడే ఆన్సెల్ ఆడమ్స్. తరువాత సియెర్రా క్లబ్బువారితో ఏటేటా వేసవిలో కొండలెక్కుతూ తీసిన ఫోటోలను తోటి నడకరులతో పంచుకున్నాడు. క్లబ్బు పత్రికలో 1922 నుంచి ఆయన ఫోటోలు అచ్చయ్యాయి. ఆ సరదా ముదిరి, 1940లో కింగ్స్ కాన్యన్ జాతీయ వనం ఏర్పడడానికి ఆయన ఫోటోలు తోడ్పడేదాకా వెళ్లింది. విహారంలో తీసిన బొమ్మ అడవిని కాపాడింది.

ఇచ్చిన చెయ్యి

డబ్బు వరదలా వచ్చింది. 1905లో ఈస్ట్ ఎవెన్యూలో పెద్ద భవనం కట్టి తల్లిని అందులో కూర్చోబెట్టాడు. రెండేళ్లకే, 1907లో, ఆమె వెళ్లిపోయింది. పెళ్లి చేసుకోని ఈస్ట్‌మన్‌కు ఆ తరువాత ఆ ఇల్లు ఖాళీ. ప్రతి ఉదయం తాను ఫలహారం చేసేవేళ ఇంట్లో ఆర్గన్ వాయించడానికి ఒక విద్వాంసుణ్ని నియమించుకున్నాడు.

ఆయన దానాలు మరో అధ్యాయం. 1912లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు 25 లక్షల డాలర్లు ఇస్తూ తన పేరు చెప్పరాదన్నాడు. ఆ దాత పేరు స్మిత్ అని మాత్రమే లోకానికి చెప్పారు. మొత్తం ఇచ్చింది 2 కోట్ల డాలర్లకు చేరింది. ఆ స్మిత్ ఎవరో 1920లో గాని బయటపడలేదు. రాచెస్టర్‌లో 1921లో సంగీత కళాశాల పెట్టించి, అందులో ఒక సభాభవనానికి తల్లి పుట్టింటి పేరు కిల్‌బర్న్ పెట్టాడు. పేదపిల్లల పళ్ల వైద్యానికి రాచెస్టర్‌లోనే కాక లండన్, రోమ్, పారిస్, బ్రసెల్స్, స్టాక్‌హోమ్ నగరాల్లో వైద్యశాలలు కట్టించాడు. 1912 నుంచి కంపెనీ లాభంలో కార్మికులకు వాటా ఇచ్చాడు. నల్లజాతి యువకుల విద్యకోసం టస్కీగీ, హాంప్టన్ సంస్థలకు లక్షలకు లక్షలు ఇచ్చాడు. కాని అదే నల్లజాతివారికి ఆయన ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు దొరకడం మాత్రం బహు అరుదు. ఈ రెండూ ఒకే మనిషివి. 1930లో కంపెనీ స్వర్ణోత్సవం పేర, ఆ ఏడు పన్నెండేళ్లు నిండే పిల్లలకు దాదాపు 5 లక్షల కెమెరాలు ఉచితంగా పంచారు. జీవితం మొత్తం మీద ఆయన ఇచ్చింది 10 కోట్ల డాలర్లకు పైమాటే.

డెబ్బయ్యో పడి దాటాక 1926లో, మళ్లీ 1928లో ఆఫ్రికా వెళ్లాడు. వేటాడాడు కూడా. ఆయన చంపిన ఏనుగు తల ఆయన ఇంటి హాలులో వేలాడింది. అయితే తుపాకీ బదులు కెమెరాతో వన్యమృగాలను వెంటాడే మార్టిన్, ఓసా జాన్సన్ దంపతులకు సహాయం చేసినదీ ఆయనే. ఒకసారి ఖడ్గమృగం తనమీదికే దూసుకువస్తుంటే, అది కొద్ది అడుగుల దూరంలో వేటగాళ్ల తూటాకు కూలేదాకా ఆయన కదలకుండా తన సినీ కెమెరా తిప్పుతూనే ఉన్నాడు.

ఆఖరి రోజు

ఆ తరువాత వెన్నెముక జబ్బు పట్టుకుంది. నిలబడడమే కష్టమైంది, నడక కుంటుపడింది. తల్లి చివరి ఏళ్లు చక్రాల కుర్చీలో గడపడం ఆయన చూశాడు, చిన్నక్కను అలాగే చూశాడు. ఒకరి మీద ఆధారపడి బతకడం ఆయన వల్ల కాలేదు. 1932 మార్చి 14న, డెబ్బయ్యేడో ఏట, స్నేహితులను పిలిపించి వీలునామా పనులు ముగించాడు. వాళ్లను పంపించివేసి, తన పని అయిపోయిందని మిత్రులకు రెండు ముక్కలు రాసిపెట్టి, తుపాకీతో ప్రాణం తీసుకున్నాడు. కోట్లమంది నవ్వులను కాగితం మీద నిలిపిన మనిషి ఇంట్లో తనవాళ్లనేవారెవరూ లేకుండా వెళ్లిపోయాడు. ఇంతమందికి ఇంత పంచిన మనిషి తన బాధను మాత్రం ఎవరితోనూ పంచుకోలేకపోయాడు. పరాయి దేశంలో వయసు మీదపడుతున్న మనకు ఈ సంగతి చదివి పుట తిప్పేయడం తేలిక కాదు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల తలుపు తట్టి పలకరించడం కూడా ఈ సంఘాలు చేయవలసిన పనే.

ఆయన ఇల్లు 1949 నుంచి ఫోటోల మ్యూజియంగా ఉంది. నయాగరా చూడబోయే మనవాళ్లు కాస్త దారి మళ్లితే అదీ, ఆయన తోటా చూసి రావచ్చు. ఆయన కంపెనీలోనే స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరు 1975లో ఫిల్ము అక్కర్లేని మొదటి డిజిటల్ కెమెరా చేశాడు. ఒక్క ఫోటో క్యాసెట్టు మీదికెక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఆ కొత్త పద్ధతే చివరకు ఫిల్మును మింగేసింది. 2012లో కోడక్ దివాలా రక్షణ కోరి, మరుసటేడు చిన్న కంపెనీగా బయటపడింది. వృత్తివాళ్లు కాదన్నప్పుడు మామూలు మనుషులవైపు తిరిగిన ఈస్ట్‌మన్ చురుకుదనం ఆ సంస్థకు వారసత్వంగా రాలేదు.

ఇప్పుడు మీట కూడా లేదు, ఫోనుమీద వేలు తగిలిస్తే చాలు. ఒక్క వేసవిలో మనం తీసే ఫోటోలు మన నాన్నగారి తరం జన్మలో చూసి ఉండదు. కాని వాటిలో ఎన్నింటిని ఎవరికైనా చూపించాం? నూరు ఫోటోలకు 35 డాలర్లు పోసినవాడు ప్రతి ఫోటోకూ ఆలోచించి నొక్కేవాడు, వచ్చినదాన్ని పదిమందికి చూపించేవాడు. ఫోటో తీయడాన్ని ఈస్ట్‌మన్ సులువు చేశాడు. పంచుకోవడం ఎవరూ చేసిపెట్టలేరు, అది మన పనే.

కాబట్టి ఈ వేసవిలో తీసిన వాటిలో పది ఏరండి. మీ పెరట్లో పూసిన బంతిపువ్వు కావచ్చు, సరస్సు ఒడ్డున నిలబడ్డ కొంగ కావచ్చు, పుచ్చకాయ ముక్క మూతినిండా పూసుకున్న మనుమరాలు కావచ్చు. కాగితం మీద అచ్చువేయించి, మళ్లీ కలిసినప్పుడు పట్టుకురండి. వెనకవైపు పేర్లూ, ఊరూ, తారీఖూ రాయడం మాత్రం మరవకండి. బూట్ల పెట్టె తెరిచే రేపటి పిల్లలకు ఫోటోలో ఉన్నది ఎవరో చెప్పడానికి మనం పక్కన ఉండం.